కింది నుంచి పైకి

"తప్పుకో" అన్న కేకా, తడి గుర్రపుడెక్క మోపూ ఒకేసారి వచ్చిపడ్డాయి. కేక చెవిలో పడింది, మోపు చెప్పుల మీద పడింది.

పొద్దున్నే బయలుదేరి అప్పటికి నాలుగు మైళ్లు నడిచాను. ఎడమ పక్క నది, కుడి పక్క కాలువ, నడుమ ముప్పై అడుగుల గడ్డినేల, ఆ గడ్డిలో ఒక్క మనిషి పట్టేంత కాలిబాట. తప్పుకోవాలంటే మోకాటిలోతు తడి గడ్డిలోకి దిగడమే.

"చూసి విసరకూడదటమ్మా?"

"చూసే విసిరాను. ఈ దారి మీ తాత వేయించాడా?"

"మా తాత వేయించి ఉంటే ఇంత ఇరుగ్గా వేయించేవాడు కాదు."

ఆమె నవ్వలేదు. తొడలదాకా రబ్బరు బూట్లు, నడుముకు తాడు, చేతిలో పన్నెండడుగుల కర్రకు బిగించిన కొడవలి. అరవైకి రెండు మూడేళ్లు తక్కువ ఉండొచ్చు. మొహం మాత్రం నన్ను చూడకముందే నా మీద కోపం తెచ్చుకున్నట్టుంది. ఊళ్లో ఆమెను ముళ్లకంప అంటారని తర్వాత తెలిసింది. ఆ పేరు పెట్టినవాడెవడో మనుషులను బాగా ఎరిగినవాడు.

ఈ నదిని గురించి కొంచెం చెప్పాలి. పాత పటాల్లో చూస్తే ఇది ఊరి మధ్య పదకొండు మలుపులు తిరిగేది. వంపు కనబడితే ఒళ్లు మండే మనుషులు ప్రతి దేశంలోనూ ఉంటారు. వాళ్ల చేతికి రూళ్లకర్ర ఇవ్వడమే మొదటి తప్పు. మలుపులన్నీ పూడ్చి, రెండు వైపులా రాతిగోడలు కట్టి, నదిని గీత గీసినట్టు పడుకోబెట్టారు. బాగానే ఉంది. కానీ గోడల మధ్య నీటిమట్టం వీధుల కంటే ఎత్తయి కూర్చుంది. మరి వీధుల్లో పడ్డ వాన ఎటు పోవాలి? అందుకని నదికి సమాంతరంగా ఇంకో గీత గీసి పక్క కాలువ తవ్వారు. ఊరి మురుగూ వానా అందులో పడి, మైలున్నర దిగువన రోడ్డు కింద ఉన్న తూములోంచి దూరి, అవతల నదిలో కలవాలి. నదిని సరిచేశారు, ఆ సరిని మళ్లీ సరిచేశారు. నేను తిరిగిన ఊళ్లలో ఇలాంటివి అరడజను చూశాను. అన్నిచోట్లా కథ ఒకటే: నది పరుగెడుతుంది, పక్క కాలువ నిద్రపోతుంది, నిద్రపోయే నీటిలో గుర్రపుడెక్క పెరుగుతుంది. ఎవరో ఒకరు జీవితాంతం దాన్ని కోస్తూ ఉండాలి.

ఇక్కడ ఆ ఒకరు ఈమె. ఈమెకు ముందు ఈమె తల్లి. కాలువ తవ్విన ఏడాదే తల్లి చేతికి కొడవలి ఇచ్చారట. పై వంతెన నుంచి తూము దాకా మైలున్నర ముక్క వాళ్లది. ఆ ముక్కతోబాటు గడ్డినేల మీద రేకు కప్పిన ఒక గది. గదిలో సగం పనిముట్లకు, సగం మనిషికి. పెళ్లి చేసుకున్నాయన రెండేళ్లు ఆ సగంలో సర్దుకుని, మూడో ఏడు మిగతా సగం అడిగాడట. "పనిముట్లు బయట పెట్టమన్నాడు. ఆయన్నే బయట పెట్టాను" అంది. అది కూడా నాకు చెప్పాలని కాదు, గుర్రపుడెక్కను తిడుతూ మధ్యలో అనేసింది.

నేను బాట మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటుంటే ఆమె చూపు నా సంచి మీద పడింది. అట్ట ఊడి, వెన్ను విరిగి, దారాలు వేలాడుతున్న పాత పుస్తకం సగం బయటికి వచ్చి ఉంది.

"ఎక్కడికి ఆ చెత్త?"

"పల్లపు వీధిలో బైండింగు చేసే ఆయన ఉన్నాడన్నారు. బాగు చేయిద్దామని."

ఆమె కాలువలో ఉమ్మింది. "వాడా! నీ పుస్తకం తడవకుండా తిరిగొస్తే నా పేరు మార్చుకుంటాను."

"ఏం, పని రాదా?"

"పనొచ్చు. బుద్ధి లేదు. నా తోడబుట్టినవాడు, నాకు తెలీదా? కాలువ గట్టునే దుకాణం పెట్టాడు. కత్తిరించిన కాగితాలన్నీ కాలువలో పోసేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఆ కాగితాలు తూము నోటి ఇనుప ఊచలకు అడ్డం పడి వీధంతా మునిగింది. ఊళ్లో జనమంతా చూస్తుండగా ఊచల్లోంచి కాగితాలు పీకి చూపించాను. దుకాణానికి తాళం వేశారు. అప్పటి నుంచి మాటల్లేవు. పీడా పోయింది."

మళ్లీ కోతలో పడింది. ఆ పని చూడముచ్చటగా ఉంది, ఆ మాట అంటే కొడవలి నా మీదికి తిప్పేదేమోగానీ. కొడవలిని నీటి అడుగుకు పంపి, కాడల మొదట్లో పెట్టి, ఒక్క గుంజు గుంజితే పచ్చటి చాప లేచి తేలేది. అది నెమ్మదిగా తూము వైపు పోయేది. అక్కడ ఊచల దగ్గర చేరినదాన్ని గంటకోసారి వెళ్లి గట్టుమీదికి లాగేసేది. తూము దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ పైకి పోవడం ఆమె పద్ధతి.

"అటునుంచి మొదలుపెట్టి నీటితోబాటు దిగితే సుఖం కదా?" అన్నాను. వయసు వచ్చినా ఊరికే ఉండలేని నోరు నాది.

"తెలివి తెల్లారినట్టే ఉంది! పైనుంచి కోస్తే కోసిందంతా ఎటు పోతుంది? కింద కోయనిదాంట్లో చిక్కుకుంటుంది. పరుపులా ముద్ద కడుతుంది. ఒక్క వాన పడిందా, ఆ పరుపంతా ఒకేసారి లేచి వచ్చి ఊచలకు అతుక్కుంటుంది. ఏనుగులు లాగినా రాదు. గంటలో పల్లపు వీధిలో మంచాలు తేలతాయి. కింది నుంచి పైకి కొయ్యాలి. మా అమ్మ నేర్పిన మొదటి ముక్క అదే."

"అట్లా ఎప్పుడైనా జరిగిందా?"

కొడవలి నీటిలోనే ఆగింది. "నడు నడు. ఊసుపోక వచ్చినవాళ్లకు కథలు చెప్పడానికి నాకు జీతం ఇవ్వట్లేదు. రేపటి నుంచి అసలే ఇవ్వరు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నగర కార్యాలయం కోత పడవ ఒకటి కొన్నది. ముందు రంపంలాంటి కత్తులు, వెనక చక్రం. ఇవాళ దానికి పరీక్ష. పై వంతెన నుంచి తూము దాకా సాయంత్రంలోగా శుభ్రం చేసిందంటే చేతికోత రద్దు. ముక్కా పోతుంది, రేకు గదీ పోతుంది. చేయలేకపోతే పడవను తెచ్చిన చోటికే పంపేసి ఆమెను ఉండనిస్తారు. ఇంజనీరు కాగితం మీద రాసి ఇచ్చాడట. ఆ కాగితాన్ని ఆమె తలుపు సందులో గాలి రాకుండా కుక్కింది.

"మరి పరీక్ష రోజున నువ్వెందుకు కోస్తున్నావు?"

"ఇవాళ సాయంత్రం దాకా ఇది నాదే కాబట్టి. ఇంకా కూర్చున్నావేం?"

నేను లేచాను.

పల్లపు వీధికి ఆ పేరు ఊరికే రాలేదు. కాలువ మీది నడకవంతెన దాటి పదమూడు మెట్లు దిగాలి. చివరి మెట్టు మీద నిలబడి వెనక్కి చూస్తే, కాలువ నీళ్లు మన భుజాల ఎత్తున కదులుతున్నట్టు ఉంటుంది. అక్కడి మనుషులు అలవాటుపడి దాన్ని చూడరు. నేను మాత్రం చూసినంతసేపూ ఊపిరి బిగబట్టాను.

బైండింగు ఆయన ఇంటి ముందుగదిలోనే పని చేసుకుంటున్నాడు. అక్కకు రెండేళ్లు చిన్న. మొహంలో అదే విసుగు, కాకపోతే దాన్ని మర్యాద అనే అట్ట వేసి కుట్టుకున్నాడు. బిగింపు చెక్కల మధ్య రెండు లావుపాటి పుస్తకాలు, స్టవ్ మీద జిగురు గిన్నె, మేకుకు వేలాడే మైనం పూసిన దారం. గోడల చుట్టూ ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత ఒకటి పోయింది. ఆ గీతకు కింద ఆ గదిలో ఒక్క కాగితం ముక్క కూడా లేదు. అరలన్నీ పైనే. మేజా కూడా నిలబడి పనిచేసేంత ఎత్తు; గీతకు కింద దాని కాళ్లు, ఆయన కాళ్లు, అంతే.

పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "ఎవరు కుట్టారండీ దీన్ని? గోనెసంచి కుట్టేవాడా?" అన్నాడు.

"ఎవరో మరి. నేను కొనేనాటికే ఇట్లా ఉంది. గట్టు మీదుగా వస్తుంటే ఒకావిడ..."

"గుర్రపుడెక్క విసిరిందా?" నా చెప్పుల వైపు చూశాడు. "కాగితాల సంగతి కూడా చెప్పే ఉంటుంది."

నేను నీళ్లు నమిలాను.

"నమలకండి. ఆవిడ దారిన పోయే కుక్కక్కూడా చెబుతుంది." దారం పళ్లతో తెంపాడు. "నిజమే, కాగితాలు పడేవి. గాలికి నాలుగు ముక్కలు ఎగిరి పడవా? కానీ ఆ రోజు ఊచల దగ్గరికి మొదట పరుగెత్తింది నేను. నా కళ్లతో చూశాను. మెడలోతు గుర్రపుడెక్క. ఆవిడ దాంట్లోంచి గుప్పెడు కాగితాలు ఏరి జనానికి చూపించింది. జనం గుప్పెటనే చూశారు, గుట్టను చూడలేదు. జనాలు బాగు చేయమని ఇస్తే ఈ గదిలో పెట్టిన రెండు వందల పుస్తకాలు నానిపోయి రొట్టెల్లా ఉబ్బాయి. పైగా ఈ వీధిని ముంచినవాణ్నని పేరు. నా దగ్గర దుకాణం లేదు, సాక్ష్యం లేదు, ఆనాడు నీళ్లు నిలిచిన ఈ గీత మాత్రం ఉంది. సున్నం వేయనివ్వను."

"ఆవిడను అడగలేదా?"

"అడిగితే ఒంటికాలి మీద లేచింది. అక్కడితో సరి." పుస్తకం పై అరలో పెట్టి, చేతులు తుడుచుకుని, చొక్కా తగిలించుకున్నాడు. "పదకొండు గంటలకు కోత పడవ దింపుతారట. మీరూ రండి, చూద్దురుగాని. ఆవిడ మొహం ఎట్లా ఉంటుందో చూడాలని తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాను."

మేం పై వంతెన చేరేసరికి పల్లపు వీధి సగం అక్కడే ఉంది. ఇంజనీరు, ఆయనకు పై అధికారులు ఇద్దరు, ఫొటోలు తీసేవాడు ఒకడు వంతెన మీద కటకటాలు పట్టుకుని నిలబడ్డారు. పడవ వంతెన కిందే సిద్ధంగా ఉంది. ఎర్రరంగు, కొత్త ఇనుప వాసన. ఉత్తరాన ఆకాశం మసిగుడ్డలా నల్లబడి ఉంది. అదెవరికీ పట్టలేదు.

ముళ్లకంప జనంతో కలవకుండా గట్టుమీద కొడవలికర్ర పట్టుకుని నిలబడి ఉంది. జనం ఊరుకుంటారా?

"ఏమమ్మా, పడవక్కూడా దారి ఇవ్వవా?"

"కొడవలి గోడకి తగిలించుకో, దిష్టి తగలకుండా!"

"నీ గుర్రపుడెక్క నీకు తోడుండేది, దాన్నీ తీసుకుపోతున్నారు పాపం!"

ఆమె కొడవలికర్రను గట్టుమట్టిలోకి ఇంకాస్త దిగేసింది. 

మోటారు మొదలైంది. పడవ నీటితోబాటు కిందికి దిగుతూ కోయడం మొదలుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక తెల్లగా, శుభ్రంగా నీళ్లు. ముందు, కోసిన గుర్రపుడెక్క తేలిపోయి, ఇంకా కోయనిదాని మీద ఎక్కి కూర్చుంటోంది. ఒక పొర, మీద ఇంకో పొర. వంతెన మీదివాళ్లకు తెల్లటి నీళ్లే కనబడతాయి. పరుపు కనబడదు.

నేను వంతెన దిగి ఆమె పక్కకు వెళ్లాను. "పైనుంచి కోస్తున్నారు" అన్నాను మెల్లగా.

"కళ్లున్నాయి నాకు."

"వాన వచ్చేట్టుంది."

"చర్మమూ ఉంది."

"చెప్పవా?"

ఆమె నా వైపు తిరిగింది. అంత ద్వేషంగా నన్ను ఇంతకుముందు ఎవరూ చూడలేదు, చాలామందితోనే పడలేదు నాకు. "చెబితే వాళ్లు కింది నుంచి కోస్తారు. కింది నుంచి కోస్తే కాలువ బాగుపడుతుంది. బాగుపడితే నా గది పోతుంది. నోరు మూసుకుని నిలబడితే సాయంత్రానికి ఆ ఎర్రదాన్ని బండికెక్కించి పంపేస్తారు. నీకేం, పుస్తకం తీసుకుని పోతావు."

"పల్లపు వీధి?"

"నన్ను చూసి నవ్విన నోళ్లు ఏ వీధివి?"

నేను ఆ మాట పైకి చెప్పి ఉండొచ్చు. వంతెన ఎక్కి ఇంజనీరు చెవిలో వేయడానికి యాభై అడుగులు. వేయలేదు. బాటసారికి అక్కర్లేని పెద్దరికం అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అది పిరికితనంలాగే కనబడుతోంది.

మొదటి చినుకు పడింది. రెండోది, మూడోది. కాలువలోకి తెరుచుకున్న మురుగు గొట్టాలు ఒక్కొక్కటీ గుడగుడమన్నాయి. పరుపు ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. అంత పెద్ద పచ్చటి ముద్ద తనంతట తాను జరగడం చూసి చప్పట్లు కొడుతున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆపేశారు. ముళ్లకంప దాన్నే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. తిడుతోందో లెక్కవేస్తోందో తెలియలేదు.

ఉన్నట్టుండి గట్టు దిగి, నడుములోతు నీళ్లలోకి పోయి, కొడవలిని పడవ పక్క కడ్డీకి తగిలించి వెనక్కి గుంజింది. పడవ అడ్డంగా తిరిగింది.

"ఆపరా! నీ మోటారు మండిపోను, ఆపు!"

ఇంజనీరు కటకటాల మీదికి వంగి అరిచాడు. "ఏమిటిది? నీ ఉద్యోగం పోతోందని పని చెడగొడతావా?"

"పని చెడగొడుతున్నది నువ్వు! పైనుంచి కోస్తారా ఎవరైనా? ముందు చూడు, పరుపెట్లా కట్టిందో! ఈ వాన నిలబడిందంటే అది పోయి తూముకు అతుక్కుంటుంది. వీధి మునుగుతుంది!"

"అట్లా జరుగుతుందని ఎవరు చెప్పారు నీకు?"

అక్కడ ఆమె ఆగి ఉండొచ్చు. మా అమ్మ చెప్పింది అంటే సరిపోయేది. అది నిజం కూడా. ఆమె తల ఎత్తి వంతెన మీద వరసగా ఉన్న మొహాల్లో ఒకదాని కోసం వెతికింది. ఆ మొహం దొరికాక దాన్ని చూస్తూ చెప్పింది.

"ఎవరూ చెప్పక్కర్లేదు. వీధి మునిగిన ఆ ఏడు నేనే కోశాను, పైనుంచి. మీలాంటి దొర ఒకడు ఈ వంతెన మీది నుంచి చూస్తాడన్నారు. ఇక్కడ శుభ్రంగా కనబడాలని మొదట ఇక్కడే కోశాను. సాయంత్రానికి లాగేద్దామనుకున్నాను. మధ్యాహ్నానికే వాన పడింది. మునిగింది దానివల్ల. కాగితాల వల్ల కాదు. చాలా? ఇక తిప్పు పడవ!"

 జనంలోంచి ఒక ముసలాయన, "అంటే మేం తొమ్మిదేళ్లు వాణ్ని..." అని మొదలుపెట్టి పూర్తిచేయలేదు.

బైండింగు ఆయన కటకటాలు వదలలేదు. ఆమె మొహం చూడాలని వచ్చాడు, చూస్తున్నాడు. సంతోషం ఉందేమోనని నేను ఆయన మొహంలో వెతికాను. లేదు.

ఇంజనీరు పాపం చెడ్డవాడేం కాదు, కుర్రవాడు. తప్పు తెలిశాక దిద్దుకోవడానికి సిగ్గుపడలేదు. మోటారు ఆపించాడు. ముందు ఆ పరుపును గట్టుకు లాగాలి. వంతెన మీది జనం చొక్కాలు పైకి మడుచుకుని దిగారు. ముళ్లకంప నీళ్లలో నిలబడి పరుపును కొడవలితో ముక్కలు కోసింది, జనం గొలుసుకట్టి గట్టుకు చేర్చారు. పని జరుగుతున్నంతసేపూ తిట్లే. "అటు కాదు, ఇటు!" "అన్నం తినే చేతులేనా అవి?" నవ్వినవాళ్లు తల వంచుకుని లాగారు. బైండింగు ఆయన కూడా లాగాడు, ఆమెకు ఎంత దూరం ఉండొచ్చో అంత దూరంలో.

పడవను బండిమీద తూము దగ్గరికి చేర్చి దింపారు. ఆమె డ్రైవరుకు ఒక్కటే చెప్పింది. "నాలుగో దీపస్తంభం ఎదురుగా నీళ్లలో పాత దుంగలున్నాయి. అక్కడ ఎడమకు పో. చక్రం విరగ్గొట్టుకుని నా మీద పడకు."

పడవ కింది నుంచి పైకి కోసుకుంటూ పోయింది. వాన గట్టిగానే పడింది. తూము గుటకలు మింగినట్టు నీళ్లు తాగింది. ఊచల దగ్గర చేరినదాన్ని ఆమే గుంజి పడేసింది, పని తనదే అయినట్టు. పల్లపు వీధిలో కడపటి మెట్టు కూడా తడవలేదు, వాన తడి తప్ప. పొద్దు వాలకముందే పడవ పై వంతెన చేరింది. మైలున్నర కాలువ అద్దంలా ఉంది. ఆమె వారంపాటు కోసే కాలువ అది. పరీక్ష నెగ్గింది.

ఇంజనీరు గొడుగు పట్టుకుని తూము దగ్గరికి వచ్చాడు. "మీరు చెప్పకపోతే..." అంటూ మొదలుపెట్టాడు. నువ్వు కాస్తా మీరు అయింది. "ఆ గది ఖాళీ చేయడానికి నెలరోజులు గడువు రాయిస్తాను."

"నీ గడువు నువ్వే ఉంచుకో, పడుకోవడానికి పనికొస్తుంది."

ఆయన వెళ్లిపోయాక బైండింగు ఆయన వీధి మెట్లెక్కి గట్టుమీదికి వచ్చాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"ఇక్కడ వానలో అరిస్తే అయిపోయిందా? వీధిలోకి వచ్చి చెప్పు. నా గుమ్మం ముందు నిలబడి, ఇంటింటికీ వినబడేట్టు చెప్పు."

"చెప్పాను. సగం వీధి వింది. చెవుల్లో జిగురు పోసుకున్నావా?"

"తొమ్మిదేళ్లు!"

"నాకు లెక్క రాదనుకున్నావా?"

"ఆ గీతకు నేను సున్నం వెయ్యను. నువ్వు చచ్చినా వెయ్యను."

"వెయ్యకు. నిన్నెవడు వెయ్యమన్నాడు?"

ఇద్దరూ ఒకే రకంగా దవడలు బిగించి నిలబడ్డారు. వాళ్ల అమ్మ దవడలు అట్లాగే ఉండేవేమో. అక్కా అని ఆయన అనలేదు. తమ్ముడూ అని ఆమె అనలేదు. ఇంకాసేపు నిలబడితే ఎవరో ఒకరు ఇంకేదైనా అనేవాళ్లేమో నాకు తెలియదు.

ఆమె నడుముతాడు విప్పి ఊచలకు కట్టేసింది. కొడవలికర్ర భుజాన వేసుకుంది. రేకు గది ఎగువన ఉంది, ఆమె దిగువకు తిరిగింది. అటు రోడ్డు దాటాక కాలువ నదిలో కలిసేదాకా గట్టు తప్ప ఏమీ లేదు. నేను బాట మధ్యలో ఉన్నాను. గబగబా గడ్డిలోకి తప్పుకుని, "వెళ్తున్నావా అమ్మా?" అన్నాను.

తప్పుకో అని కూడా అనలేదు. నా పక్కనుంచి, కొడవలి మొన నా చెవికి జానెడు దూరంలో పోనిస్తూ, బూట్లలో నీళ్లు చప్పుడు చేస్తుండగా నడిచిపోయింది.